మీరు ఆదా చేసింది రూ. 412

కోనసీమలోని మన నగరం ఊళ్లో పొదుపు బాగా ముదిరిపోయింది. నమ్మకం కుదరకపోతే సాయంత్రం పూట అమలాపురం నుంచి వచ్చే ఆటోల దగ్గర నిలబడి చూడండి. దిగేవాళ్ల చేతుల నిండా సంచులు. సంచి పైన బిల్లు. బిల్లు అడుగున లావుపాటి అక్షరాల్లో ‘మీరు ఆదా చేసింది రూ. 412’ అని ఉంటుంది. ఇంటాయన దాన్ని పదో తరగతి మార్కుల జాబితాలా విప్పి చూపిస్తాడు. ఇంటావిడ మురిసిపోతుంది. సరే, ఆ నాలుగు వందల పన్నెండు ఎక్కడుంది? జేబులో లేదు. పోస్టాఫీసు పుస్తకంలో లేదు. పోపులపెట్టెలో అసలే లేదు. పొద్దున్న బయల్దేరేటప్పుడు జేబులో ఉన్న రెండు వేల ఎనిమిది వందలు కూడా లేవు.

ఈ ఆదా లెక్క భలే ఉంటుంది. సబ్బు మీద ఎమ్మార్పీ వేసేది కంపెనీయే. దానికి మించి అమ్మకూడదని చట్టం చెబుతుంది గానీ, సబ్బుకి ఎంత వేసుకోవాలో చెప్పదు. కాబట్టి తనే నూటయాభై అని రాసుకుంటుంది, తనే నూట ఇరవైకి ఇస్తుంది, ముప్ఫై మీకు మిగిలిందని రసీదు కూడా చేతిలో పెడుతుంది. మనం ఆ రసీదు పట్టుకుని బోడసకుర్రు వంతెన దాటి ఇంటికొస్తాం. రానూపోనూ చార్జీలు, పిల్లాడి ఐస్‌క్రీము, ‘ఎలాగూ వచ్చాం కదా’ అని తిన్న బిర్యానీ ఏ బిల్లు అడుగునా అచ్చుకావు.

పోనీ కోనసీమవాడికి లెక్క రాదా అంటే, ఆ మాట అన్నవాణ్ని వైనతేయ నదిలో దింపుతారు. కొబ్బరి దింపు రోజున కాయల రాశి దగ్గర మనవాణ్ని చూడాలి. పుంజీలు లెక్కపెడుతుంటే కాకి అరిచినా ఊరుకోడు. వర్తకుడు రెండు కాయలు అటు తోస్తే మూడో తరం గొడవ బయటికొస్తుంది. తెల్లారేసరికి అంబాజీపేట రేటు నోటికొచ్చి ఉంటుంది. కురిడీ కాయ చెవి దగ్గర ఆడించి అది గండేరా రకమో గటగట రకమో చెప్పేస్తాడు. ధాన్యం తేమ శాతం దగ్గర మిల్లరుతో కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. అంతటివాడూ కొట్లో ఎర్ర స్టిక్కరు అంటించిన కొబ్బరినూనె సీసా కనబడగానే చేతులు జోడించేస్తాడు. ఎన్ని మిల్లీలీటర్లు అని అడగడు. పక్కనున్న సీసా తిప్పి చూడడు. తన పెరటి కాయే ఊళ్లన్నీ తిరిగి, నూనెగా మారి, సీసాలో కూర్చుని తిరిగొచ్చిందేమోనన్న ఆలోచన అసలే రాదు.

ఆ సీసాకున్న చరిత్ర తక్కువది కాదు. అందులోది వంటనూనా, తలనూనా అని పన్నులవాళ్లూ కంపెనీలూ ఏళ్ల తరబడి కొట్టుకున్నారు. అప్పట్లో వంటకైతే 5 శాతం జీఎస్టీ, తలకైతే 18. చివరికి 2024 డిసెంబరు 18న సుప్రీంకోర్టు, చిన్న సీసాలో పోసినంత మాత్రాన స్వచ్ఛమైన కొబ్బరినూనె తలనూనె అయిపోదని తేల్చింది. ఇంత న్యాయం జరిగినా మనం పప్పు పోపులో వెయ్యం, జడకే రాస్తాం, అది వేరే సంగతి. తర్వాత 2025 సెప్టెంబరు 22 నుంచి తలనూనెల మీదా పన్ను 5 శాతానికి దిగింది. అప్పుడు మీరు కొన్న సీసా ఎంత తగ్గిందో గుర్తున్నవాళ్లు చెయ్యెత్తండి. ఎవరూ ఎత్తలేదు. వెయ్యి కాయలకి వర్తకుడు తగ్గించిన వంద రూపాయలు మాత్రం పోయినేడాదివి కూడా గుర్తే.

ఎండు కొబ్బరి మిల్లుకి పట్టుకెళ్తే నూనె మనకి, చెక్క గొడ్లకి వస్తాయి. కానీ నామోషీ. డబ్బా పట్టుకుని మిల్లు దగ్గర నిలబడితే నలుగురూ చూస్తారు. ఈ నామోషీలో కొత్త తరం ఇంకో మెట్టు ఎక్కింది. దొడ్లో డొక్కల గుట్ట కుళ్లిపోతుంటే, డాబా మీద పూలకుండీలకి కొబ్బరి పీచు పొట్టు ఇటుక ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటోంది. డెలివరీ ఉచితమట!

ఆదా అంటే ఏమిటో తెలిసినవాడు బియ్యం మిల్లరు. 2022 జులై 18 నుంచి 25 కిలోల వరకు ఉన్న, లేబుల్ వేసిన బస్తాల మీద 5 శాతం జీఎస్టీ పడింది. ఆయన నిబంధన చదివాడు, బస్తాలో ఇంకో కిలో పోశాడు, 26 కిలోలని అచ్చు కొట్టించాడు. పన్ను పోయింది. మనవాళ్లు ఆ బస్తా భుజానికెత్తుకుంటూ ‘కిలో ఎగస్ట్రా ఇచ్చాడ్రా!’ అని పొంగిపోయారు.

మన కోసమూ చదవదగ్గది ఒకటి రాసి ఉంది. 2021 నవంబరులో ప్యాకెట్ వస్తువుల నిబంధనలు సవరించారు. నూనె, టీపొడి, బిస్కెట్ల లాంటివి ఫలానా కొలతల్లోనే అమ్మాలన్న పాత పట్టిక తీసేశారు. ఇక లీటరులా కనబడే ప్యాకెట్లో లీటరే ఉండాలన్న పట్టింపు లేదు. దానికి బదులుగా యూనిట్ ధర అచ్చువెయ్యమన్నారు. కిలోకి లోపైతే గ్రాముకెంత, కిలో దాటితే కిలోకెంత. వేశారు కూడా. చీమ తలకాయంత అక్షరాల్లో, ప్యాకెట్ మడత దగ్గర. ఆ ధర చదివితే ఆఫర్ బండారం బయటపడుతుంది. 200 మిల్లీలీటర్ల సీసా 90 రూపాయలు, 500 మిల్లీలీటర్లది 250 అనుకోండి. చిన్నదాంట్లో మిల్లీలీటరు 45 పైసలు, పెద్దదాంట్లో 50. ‘పెద్దది కొంటే కలిసొస్తుంది’ అని మనకి ఎవరు చెప్పారో గానీ, వాళ్లకి బాగానే కలిసొచ్చింది. ఏసీలో తిరిగే మనిషికి అంత చిన్న అక్షరాలు ఎక్కడ కనబడతాయి? సెల్‌ఫోన్ తీసి ఫొటో పెద్దది చేసి చూడొచ్చు. కానీ ఆ ఫోనులో అప్పటికే ఇంకో ఆఫర్ నడుస్తుంటుంది.

ఇంటికొచ్చాక పౌరుషం మేల్కొంటుంది. గోంగూర బుట్టతో ఓ పెద్దావిడ వీధిలోకొస్తుంది.

“కట్ట పదండీ.”

“పదికి రెండియ్యవే. రేటు నీ ఇష్టమా?”

ఆవిడ ఇస్తుంది. పైన కొసరుగా నాలుగు పచ్చిమిరపకాయలు కూడా లాక్కుంటాం. ఎమ్మార్పీ లేని మనిషి దొరికింది కదా! మాల్‌లో ‘ఒకటి కొంటే ఒకటి ఉచితం’ అని గోడకి రాస్తే తలవంచుకుని రెండూ మోసుకొచ్చినవాడు, ఇక్కడ పది రూపాయలకి వీరుడైపోతాడు. పుస్తెలమ్మి పులస తినే సీమలో, పులస దగ్గర బేరమాడనివాడు గోంగూర దగ్గర నీతిశాస్త్రం చెబుతాడు.

వడ్డీ లేని వాయిదాల భక్తులకి ఒక్క మాట. వడ్డీ లేని అప్పంటూ ఉండదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకి చెప్పింది. దాని మీద మనం ఎన్ని ఫ్రిజ్‌లు కొన్నామో లెక్కలేదు. కువైట్ నుంచో, మస్కట్ నుంచో ఎండలో మాడిన మనిషి పంపిన డబ్బు ‘సున్నా వడ్డీ’ పేరుతో ప్రాసెసింగ్ ఫీజు కింద కరిగిపోతుంటే, ఇంట్లో ఫ్రిజ్ తలుపు మాత్రం చల్లగా మూసుకుంటుంది.

మన నగరం మిఠాయి గరాజీల సన్నని జాలీలా ఉంది మన పొదుపు, పట్టుకుంటే చిల్లులే ఎక్కువ. కొబ్బరికాయ అమ్మేటప్పుడు ఉండే ఆ కన్ను కొనేటప్పుడూ తెరిచి ఉంచండి. పెద్దావిణ్ని వదిలేసి ప్యాకెట్‌తో బేరమాడండి. యూనిట్ ధర లేకపోయినా, ఎమ్మార్పీకి మించి అడిగినా, తూకం తగ్గినా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కి చెప్పండి. ఫోను ఉచితం. ఒకటి కొంటే కాదు, నిజంగానే ఉచితం.