మమ్మల్నీ కుక్కల జాబితాలో వేయండి

40 దేశాలట! అమెరికా 50 శాతం సుంకం 2025 ఆగస్టు 27న మన నెత్తిన పడగానే, బట్టలు అమ్ముకోవడానికి ఢిల్లీ వెతికి పెట్టిన సంతలు అన్ని. దానికి తోడు దిగుమతి పత్తి మీద 11 శాతం సుంకం ఆ ఏడాది డిసెంబరు 31 దాకా మాఫీ చేశారు. పత్తి బేలుకు ఊరట, ఎగుమతిదారుకు విమానం టికెట్టు. నూలు మిల్లులో రింగ్‌ఫ్రేము దగ్గర నిలబడి తెగిన పోగులు అతికే మనిషి ఊసే లేదు.

అందుకే తమిళనాడులోని నూలు మిల్లుల ఊరు రాజపాళయంవాళ్లకు నాదో సలహా. మీ ఊరి ప్రాణుల్లో ఢిల్లీ కంట పడింది ఒక్కటే, రాజపాళయం కుక్క. 2005లో దాని బొమ్మతో తపాలా బిళ్ల వేశారు. 2020 ఆగస్టులో ప్రధాని 'మన్ కీ బాత్'లో పేరెత్తి మరీ పెంచుకోమన్నారు. జాతి అంతరించకూడదని తమిళనాడు సర్కారు మద్రాసు సైదాపేటలో పెంపక కేంద్రమే పెట్టింది. ఇంకా ఆలోచనెందుకు? మిల్లు కార్మికుణ్ణి కూడా దేశవాళీ జాతిగా గుర్తించమని దరఖాస్తు పెట్టేయండి.

అర్హతలకు కొదవ లేదు. కుక్క పాలతెలుపంటారా? రాత్రి షిఫ్టు దిగొచ్చినవాడి జుట్టూ కనుబొమలూ మీసమూ దూదిపింజలతో అంతకన్నా తెల్లగా ఉంటాయి. ఒంట్లో కొవ్వు ఇద్దరికీ లేదు. విశ్వాసం సరేసరి. ఆ జాతి తెల్లటి కుక్కపిల్లల్లో చెవుడు ఎక్కువంటారు. మిల్లు మోతలో ముప్పయ్యేళ్లు గడిపినవాడికి ఆ లక్షణమూ వచ్చేసి ఉంటుంది. పక్కనే చత్రపట్టిలో ఆస్పత్రులకు కట్టుగుడ్డ నేసే మరమగ్గాలవాళ్లను ఉపజాతి కింద రాసుకోవచ్చు.

తనిఖీకి అధికారి వస్తాడు.

"ఏమయ్యా, మొరుగుతావా?"

"లేదండయ్యా. మొరిగినోణ్ణి రేపట్నించి రావద్దంటారు."

"అయితే జాతి లక్షణం లేదు. తర్వాత!"

అదిగో, అక్కడే తన్నింది. కుక్క కాలేకపోయాడు గనక మనిషికున్న చట్టాలే గతి. అవేమిటో చూద్దాం. లేఆఫ్ చేస్తే సగం జీతమివ్వాలి. ఎవరికి? మస్టర్లో పేరుండి ఏడాది నిండినవాడికి. ఇంకొకడి బదులు వచ్చే బదిలీవాడికి లేదు, క్యాజువల్‌కు లేదు. పనే పోతే, ఈఎస్ఐ ఉన్నవాడికి 90 రోజుల వరకు సగం కూలి, అదీ జన్మకోసారి. ఇక హాస్టల్లో పెట్టి, అప్రెంటిస్ అని పేరుపెట్టి పని చేయించుకున్న ఆడపిల్లను వదిలించుకోవడానికి బస్సు చార్జీ చాలు.

మన మీద సుంకం వేసిన అమెరికా, దిగుమతుల దెబ్బకు పని పోయిన తనవాళ్లకు భత్యం, శిక్షణ ఇవ్వాలని 1962లోనే చట్టం చేసుకుంది. 2022లో దానికి గడువు తీరిపోతే పొడిగించలేదు, అది వాళ్ల నిర్వాకం. యూరప్ 2007 నుంచి ఇలాంటి నిధి నడుపుతూనే ఉంది. మనం చట్టం చేసిందీ లేదు, ఎంతమంది ఇంటికి పోయారో రాసుకునే పుస్తకమూ లేదు.

ఎంత ఒత్తిడి వచ్చినా తట్టుకుంటామని అహ్మదాబాద్ సభలో ప్రధాని అన్నారు. ఎవరండీ తట్టుకునేది? ఆ 50 శాతంలో సగం, రష్యా చమురు కొన్నందుకు వేసిన జరిమానా. చౌక చమురు కొన్నది చత్రపట్టి మగ్గం కాదు. దాన్ని శుద్ధి చేసి అమ్ముకుని లాభం లెక్కపెట్టుకున్నది రాజపాళయం మిల్లులో నిండిన బాబిన్లు తీసే డాఫరు కాదు. లాభం ఒకడికి, జరిమానా ఇంకొకడికా? ఆ చమురు మీద మిగుల్చుకున్న డబ్బులోంచి వీళ్లకు మూడు నెలల కూలి తీసివ్వడానికి మీకు ఏ ట్రంప్ అడ్డమొచ్చాడు?