వంశచరిత్ర భద్రపరచుకునే సులువైన పద్ధతులు

అటక మీంచి ట్రంకు పెట్టె దింపగానే పొలం దస్తావేజులు ఒక పక్కన పెట్టుకోండి. ఆస్తి లేని చరిత్రతో మనకు పనిలేదు. పసుపు మరకల శుభలేఖలు, ఇన్‌లాండ్ ఉత్తరాలు, పిల్లలు పుట్టిన తిథులు అంచుల్లో రాసిపెట్టిన పాత పంచాంగాలు తూకానికి వేసేయండి. తెలంగాణ వాళ్లయితే నిజాం కాలపు ఉర్దూ కాగితాలూ అందులోనే కలపండి. చదివేవాణ్ణి వెతికి, ఫసలీ సంవత్సరానికి 590 కలిపి అది ఏ ఏడాదో తేల్చే ఓపిక ఎవరికుంది?

మిగిలినవాటికి లామినేషన్ చేయించండి. ఆ వేడికి ప్లాస్టిక్ కరిగి కాగితాన్ని పట్టుకుందంటే మళ్లీ విడదీయడం మామూలువాళ్ల తరం కాదు. చిరుగులకు సెల్లోటేప్ చాలు. కొన్నాళ్లకు టేపు ఊడినా జిగురు గోధుమరంగు మరకై నిలిచిపోతుంది కాబట్టి చిరుగు ఎక్కడుందో వెతుక్కునే పని తప్పుతుంది.

ఇక ఫొటోలు. నలుపు తెలుపువి తీసేసి రంగులవే ఉంచండి. డెబ్బైల నాటి రంగుల ఫొటోల్లో చాలావాటికి నీలం వెలిసిపోయి ఎరుపు మిగులుతుంది. చావుకు తీసినదైనా సరే, అందరి మొహాల్లో పెళ్లికళే. అట్టకు అంటించిన పాత ఫొటో దొరికితే అట్ట కత్తిరించి పటం కట్టించండి. కింద అచ్చయిన స్టూడియో పేరు సికింద్రాబాదు రాజా దీన్‌దయాళ్‌దే కానివ్వండి, నిజాంగారి ఫొటోగ్రాఫరు మనకేమైనా చుట్టమా? అద్దం ఫొటోకు ఆనేలా బిగించమనండి. నాలుగు వానాకాలాల తేమ తగిలితే రెండూ అతుక్కుని ఒకటైపోతాయి.

వెనకాల పేర్లు రాసేటప్పుడు బాల్‌పెన్ను గట్టిగా నొక్కండి, అక్షరాలు ముందువైపుకీ తేలాలి. ‘నాన్న, పిన్ని, పెద్దత్తయ్య’ అని రాస్తే చాలు. ఎవరి నాన్నో రాసినవారికి తెలుసు కదా! వంశవృక్షంలో మాత్రం ఆడపిల్లలు వద్దు, ఇంటిపేరు మారిపోయాక వాళ్లెక్కడి కొమ్మ? కోడళ్లకు ‘ఫలానావారి భార్య’ అంటే సరిపోతుంది.

ఇంట్లో తొంభై ఏళ్ల నాయనమ్మ ఉంటే ఇప్పుడే కదిలించకండి. గ్రూపు ఫొటోలో చివరన నిలబడ్డది ఎవరో చెప్పడంతో ఆగదు, చిన్నతాతయ్య గుమ్మం తొక్కడం ఎందుకు మానేశాడో, ఏ గట్టు దగ్గర గొడవైందో అక్కడిదాకా వెళుతుంది. వంశచరిత్ర పుస్తకంగా అచ్చయ్యాక ఆవిష్కరణకు పిలిచి శాలువా కప్పండి. ఆవిడ అట్ట మీద బొమ్మ చూసి, ‘‘ఈయన మీ తాత కాదురా’’ అంటే, ప్రతులన్నీ పంచేశామని చెప్పండి.