చేతకయ్య పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ కాళిదాసు వ్యాఖ్యాత కోలాచల మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. ఈ వ్యాఖ్యాతకు అంత నిగ్రహం లేదు. పైగా ఇక్కడి మూలం కుమారసంభవం కాదు, ఒక్క ఆటవెలది. అక్కర్లేనిది చెప్పకపోతే అరపేజీ కూడా నిండదు.

రంగం సింగరాయకొండ. ఒంగోలుకు దక్షిణాన, హైవే పక్కన, వరాహ లక్ష్మీనరసింహస్వామి వెలసిన ఊరు. కందుకూరు వెళ్లేవాళ్లు రైలు దిగేది ఇక్కడే. నాయకుడు తాతగారి బజాజ్ చేతక్‌ను పాకలోంచి బయటికి లాగి, దుమ్ము దులిపి, దానికి 'ట్యూనింగ్ కిట్టు' వేయించాలని సంకల్పించిన ఒక మనవడు. ఏ కిట్టు వేయించాలన్నది ప్రశ్న. దానికి మెకానిక్ షెడ్డు గోడ మీద బొగ్గుతో రాసి ఉండదగిన సమాధానం ఇది:

బోరు పెంచవచ్చు జోరు పెంచగవచ్చు
జెట్టు పెంచవచ్చు పట్టుబట్టి
గేదె యడ్డమైన నేది బ్రేకుల గతి
సింగరాయకొండ చేతకయ్య

ప్రతిపదార్థం

సింగరాయకొండ చేతకయ్య = సింగరాయకొండలో చేతక్ నడుపు ఓ అయ్యా! చేతకమనగా 1576లో హల్దీఘాటీ యుద్ధంలో రాణా ప్రతాప్‌ను మోసిన గుర్రం. ఆ పేరునే 1972లో బజాజ్ వారు తమ స్కూటరుకు పెట్టారు. గుర్రాన్ని ఒక పక్కకు వంచి కిక్కు కొట్టవలసిన అవసరం రాణాకు వచ్చినట్టు చరిత్రలో లేదు.

బోరు = సిలిండరు లోపలి వ్యాసం. చేతక్‌కు 57 మిల్లీమీటర్లు. పిస్టన్ పైకీ కిందికీ నడిచే దూరమూ 57 మిల్లీమీటర్లే. గుణించి చూస్తే 145 సీసీ పైచిల్లర వస్తుంది. 150 స్కూటరని వాడుకలో అనడం లోకమర్యాద.

పెంచవచ్చు = పెద్దది చేయవచ్చు. ఇక్కడ రెండు మతాలున్నాయి.

మొదటిది రీబోరు మతం. అరిగిన సిలిండరును లేత్ షాపుకు పంపి, పావు మిల్లీమీటరో అరో లోపల గీయించి, అంత పెద్ద పిస్టన్ వేయడం. పావు, అర, ముప్పావు, ఒకటి అని ఓవర్ సైజు పిస్టన్లు వరసగా దొరుకుతాయి. అర మిల్లీమీటరు పెంచితే 148 సీసీ అవుతుంది. అంటే దక్కేది రెండున్నర సీసీలు. ఈ మతస్థులు అల్పసంతోషులు. బండి వేగం పెరగలేదని వాళ్లకు బాధ ఉండదు, పొద్దున్నే ఒక్క కిక్కుకు లేస్తే చాలు.

రెండోది కిట్టు మతం. సిలిండరు, పిస్టన్, రింగులు, ఒక్కోసారి హెడ్డుతో సహా మొత్తం మార్చేయడం. వేస్పాల కోసం ఇటలీలో డీఆర్, పొలీని, మలోసి, పినాస్కో వంటి పేర్లతో ఇవి తయారవుతాయి. 63 మిల్లీమీటర్ల బోరు, అదే 57 స్ట్రోకు, లెక్క కడితే 177 సీసీ. బజాజ్ వారు 1971 దాకా పియాజియో లైసెన్సుతో వేస్పాలే చేశారు కాబట్టి చేతక్ వేస్పా వంశంలోదే. అయితే అన్నదమ్ములైనంత మాత్రాన ఒకరి చొక్కా ఇంకొకరికి పట్టాలని లేదు. సిలిండరును బిగించే స్టడ్లు కుదరాలి. కింద కేసు మూతిలో ఉన్న ట్రాన్స్‌ఫర్ పోర్టులు పైన సిలిండరు పోర్టులతో కలవాలి. కలవకపోతే కేసును అరగదీయాలి. ఆ రజను బేరింగుల్లో పడకుండా గుడ్డలు కుక్కి మరీ చేయాలి.

ఈ అతుకు సంగతిలో ఒక స్థానికుణ్ణి స్మరించాలి. ఎర్రాప్రగడది గుడ్లూరు అంటారు. ఇక్కడికి దూరమేమీ కాదు. నన్నయ విడిచిపెట్టిన అరణ్యపర్వశేషాన్ని ఆయన పూరించి, తన రాజుకు కాక నన్నయ రాజైన రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు. ఎత్తుకోవడం నన్నయలా ఎత్తుకుని, దించడం తిక్కన దగ్గర దించాడని విమర్శకుల మాట. బజాజ్ కేసు మీద ఇటలీ సిలిండరు కూర్చోబెట్టే మేస్త్రీ చేయవలసింది అదే. రెండూ కలిసేచోట గోరు పెట్టి గీస్తే మెట్టు తగలకూడదు. తగిలిందా, పోర్టుల్లో వచ్చే మిశ్రమం అక్కడే తడబడుతుంది, పెట్టిన డబ్బులో కొంత అక్కడే పోతుంది.

ఇక సంవాదం. మనవడు ఫోను చూపిస్తాడు, మేస్త్రీ కళ్లజోడు పైకి తోస్తాడు.

"బాబాయ్, ఈ కిట్టు వేసెయ్."

"ఇనప బోరా అబ్బయ్యా, అల్యూమినియందా?"

"అల్యూమినియం. తేలికంట, వేడి తొందరగా పోద్దంట."

"పోద్ది. అరిగినాక నువ్వు యాడికి బోతావు మరి?"

ఇదే ఈ వ్యవహారంలో అసలు ప్రశ్న. అల్యూమినియం సిలిండరు లోపల నికెల్‌లో సిలికాన్ కార్బైడ్ రేణువులు కలిపిన పలచని పూత ఉంటుంది. అది గట్టిది, వేడిని బాగా వదులుతుంది, పిస్టనూ అల్యూమినియమే కాబట్టి రెండూ ఇంచుమించు ఒకే తీరుగా వ్యాకోచిస్తాయి. గుణాలన్నీ ఉన్నాయి. కాని దాన్ని లేత్ మీద పెట్టి గీస్తే పూత లేచిపోతుంది. మళ్లీ పూత వేసేవాళ్లు ఒంగోలులోనో కందుకూరులోనో వీధి చివర దొరకరు. ఇనప సిలిండరుకు అల్యూమినియం పిస్టన్‌తో పొత్తు అంత కుదరదు. అల్యూమినియం ఇనుముకు రెండింతలు ఉబ్బుతుంది, అందుకే కొత్త బోరును తొందరపడి తోలితే పిస్టన్ పట్టేస్తుంది. అయినా ఇనుమును మళ్లీ గీయవచ్చు. కాబట్టి కిట్టే కావాలంటే సింగరాయకొండలో ఇనప కిట్టే (డీఆర్ వారి 177 ఆ జాతిదే) శాస్త్రసమ్మతమని వ్యాఖ్యాత నిర్ణయం. కిట్టు కొనేటప్పుడు ఇటలీ వైపు కాదు, మన ఊరి లేత్ వైపు చూడాలి.

పిస్టన్ చేతికొచ్చాక రెండు చూడాలి. నెత్తిన చిన్న బాణం గుర్తుంటుంది, అది ఎగ్జాస్టు వైపుకే తిరగాలి. రింగు కూర్చునే గాడిలో సన్నటి సూది మొన లాంటి మేకు ఉంటుంది. రింగు రెండు కొసలూ దాని దగ్గరే కలవాలి. అది లేకపోతే రింగు గుండ్రంగా తిరిగి, కొస పోర్టు కన్నంలో తగులుకుని విరుగుతుంది. బాణం తిరగబడితే ఆ కొసలు నేరుగా ఎగ్జాస్టు కన్నం దగ్గరికే పోతాయి.

జోరు = వేగము. దీనికి పెద్ద టీక అక్కర్లేదు. గాలిని చీల్చుకుపోవడానికి కావలసిన శక్తి వేగపు ఘనంతో పెరుగుతుంది. సీసీలు ఐదో వంతు పైగా పెంచి, శక్తీ అంతే పెరిగిందనుకున్నా, పై వేగంలో తేలేది నూటికి ఏడు పాళ్లు. ఆ ఏడు పాళ్ల కోసమే ఈ పురాణమంతా.

జెట్టు = కార్బొరేటరులో పెట్రోలు కొలిచి వదిలే ఇత్తడి ముక్క. దాని మీది అంకె రంధ్రపు వ్యాసం, మిల్లీమీటరులో నూరో వంతుల్లో. 100 అంటే సరిగ్గా ఒక మిల్లీమీటరు. ఇంత సన్నపు లెక్కను షెడ్డులో తీగ పెట్టి గుచ్చి సాఫు చేస్తారు. చేసిన ప్రతిసారీ రంధ్రం ఇంత పెరుగుతుంది, అంకె మాత్రం మారదు. బోరు పెంచి జెట్టు పెంచకపోతే పెట్రోలు చాలక ఇంజను కాగిపోతుంది. కొత్తగా ఇంకోటి వచ్చిపడింది. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అందులో ప్రాణవాయువు ఉంది కాబట్టి పాత జెట్టుకు మిశ్రమం ఇంకా పలచబడుతుంది. ఇథనాల్ తేమను కూడా పీలుస్తుంది. పాకల తీరం నుంచి సముద్రపు గాలి తగిలే చోట నెలల తరబడి ట్యాంకులో పెట్రోలు నిలవ ఉంచితే అడుగున నీళ్లు చేరవచ్చు. జెట్టు సరిపోయిందో లేదో ప్లగ్గు విప్పి చూస్తే తెలుస్తుంది. కాఫీపొడి రంగుంటే మేలు. తెల్లబడితే ఆకలి, నల్లగా తడిస్తే అజీర్తి. రోహిణీ కార్తెలో తెల్ల ప్లగ్గుతో టంగుటూరు దాకా ఎత్తి తోలడం సాహసం.

పట్టుబట్టి = మొండికేసి. పై సంవాదంలో మనవడు.

గేదె = మహిషము. ఇది ఉపలక్షణం. దీనితోనే ఒంగోలు గిత్త, మేకలమంద, పొగాకు బేళ్ల ట్రాక్టరు, ఆరబోసిన మిరపకాయలు, రాంగ్ సైడులో వచ్చే ఆటో అన్నీ గ్రహించాలి.

అడ్డమైనన్ = అడ్డము వచ్చినచో. 'వచ్చినచో' అన్నది మర్యాదకు. వస్తుంది.

బ్రేకుల గతి ఏది = బ్రేకుల దారేమిటి. చేతక్‌కు ముందూ వెనకా డ్రమ్ము బ్రేకులు, పది అంగుళాల చక్రాలు. వేగపు వర్గంతో పెరిగే గతిశక్తిని ఆ బుల్లి డ్రమ్ముల్లో బ్రేకు షూలు రాపిడితో మింగాలి. కిట్టు పెట్టెలో షూలు ఉండవు. క్లచ్ ప్లేట్లూ ఉండవు. పెరిగిన లాగుడుకు పాత ప్లేట్లు జారితే అదొక ఖర్చు.

తాత్పర్యం

ఓ చేతక్ నడిపే అయ్యా, మొండిపట్టు పట్టి బోరూ జెట్టూ పెంచి వేగం తెచ్చుకోవచ్చు, గేదె ఎదురైతే ఆపేదెలా?

ధర్మశాస్త్ర విచారం

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలతో తేడా పడేలా బండిని మార్చరాదు. సీసీ ఆ వివరాల్లో ఒకటి. ఇంజను నంబరు కేసు మీద ఉంటుంది కాబట్టి సిలిండరు మారిస్తే బయటికి కనపడదని కిట్టువాదులు అంటారు. కనపడకపోవడం వేరు, ఒప్పు కావడం వేరు. ప్రమాదం జరిగి బీమా దాకా పోతే ఈ రెంటికీ ఉన్న తేడా బయటపడుతుంది. రీబోరువాదికి ఈ బెంగ లేదు. అరిగిన బోరు గీయించడం మరమ్మతు కిందికి వస్తుంది.

కవి విడిచినది

సైలెన్సరు గురించి కవి ఒక్క ముక్క చెప్పలేదు. ఇది పెద్ద లోపం. చేతక్ వంటి టూ స్ట్రోకు ఇంజనులో కొంతసేపు కొత్త మిశ్రమం లోపలికి రావడమూ కాలిన పొగ బయటికి పోవడమూ కలిసే జరుగుతాయి. పొగతో పాటు కాలని పెట్రోలూ కొంత జారిపోతుంది. సైలెన్సరులో ఎదురు తన్ని వెనక్కి వచ్చే పీడన తరంగంతో దాన్ని మళ్లీ లోపలికి నెట్టవచ్చు. తూర్పు జర్మనీలో ఎంజెడ్ కంపెనీ ఇంజనీరు వాల్టర్ కాడెన్ 1950లలో దీన్ని రేసు బళ్ల మీద సాధించి చూపాడు. ఆయన దగ్గరి రేసరు ఎర్నెస్ట్ డెగ్నర్ 1961లో స్వీడన్ పందెం నుంచి అటే పారిపోయి సుజుకీలో చేరాడు. మరుసటి ఏడే సుజుకీ 50 సీసీ ప్రపంచ టైటిల్ గెలుచుకుంది. గొట్టం లోపలి కొలతలు దేశం దాటిన కథ ఇది.

ఇప్పుడు కిట్లతో పాటు అమ్మే పొట్ట ఉబ్బిన పైపులు ఆ విద్య సంతానమే. వాటి చిక్కల్లా, ఇంజను ఒకానొక స్పీడులో తిరుగుతున్నప్పుడే తరంగం సమయానికి వస్తుంది. ముందు బియ్యం మూట, వెనక బాబాయి, కందుకూరు రోడ్డు మీద గతుకు గతుక్కీ గేరు తగ్గిస్తూ పోయే బండి ఆ స్పీడులో ఉండేది తక్కువ. దానికి కంపెనీ సైలెన్సరే మేలు, శుభ్రంగా ఉంటే. పాతకాలపు మేస్త్రీలు దాన్ని ఊడదీసి, నిప్పుల్లో వేసి ఎర్రగా కాల్చి, చల్లారాక సుత్తితో తడుతూ తలకిందులు చేసి బొగ్గు రాల్చేవాళ్లు. నూనె కలిపిన పెట్రోలు ఏళ్ల తరబడి తాగిన సైలెన్సరులోంచి దోసెడు మసి పడుతుంది. అలా శుభ్రం చేసిన సైలెన్సరు బిగించి తోలిన మనవడు, కిట్టు వేయకుండానే వేశామని చెప్పినా నమ్ముతాడు.

పాఠాంతరం

హైదరాబాదు వైపు కొందరు నాలుగో పాదాన్ని 'సింగరాయకొండ పుష్పకయ్య' అని చదువుతారు. ఆల్విన్ వారి పుష్పక్ స్కూటరు మీద అభిమానం కొద్దీ వచ్చిన పాఠం. గణాలు సరిపోయినా సికీ పుకీ యతి కుదరదు. యంత్రపరంగానూ కుదరదు. పుష్పక్ లక్నో స్కూటర్స్ ఇండియా వారి కుటుంబం, అంటే మిలాన్ లాంబ్రెట్టా వంశం. దాని స్ట్రోకు 58. వేస్పా కిట్టు దాని మీద కూర్చోదు. చేతక్ పాఠమే గ్రాహ్యం.

శంక

2020 నుంచి అదే పేరుతో కరెంటు స్కూటరు వస్తోంది కదా, ఈ పద్యం దానికి వర్తిస్తుందా అని అడిగితే, దానికి బోరు లేదు, జెట్టు లేదు, మొదటి రెండు పాదాలూ పోతాయి. మూడో పాదం యథాతథంగా ఉంటుంది. చప్పుడు లేని బండి కాబట్టి గేదె ఇంకొంచెం ఆలస్యంగా తల తిప్పుతుందని మాత్రం టిప్పణిలో చేర్చుకోవాలి.