ఏజెంటు చేత బట్టలు తెప్పించుకునేవారికి చెప్పే తప్పుడు చిట్కాలు

పెళ్లిళ్ల సీజన్ దగ్గరపడితే చంద్రపూర్ బొగ్గు గనుల క్వార్టర్లలో, బల్లార్షా పేపర్ మిల్లు వీధుల్లో మన తెలుగు ఇళ్లలో ఒకటే మాట. ఏజెంటుకు లింకు పంపితే చైనా నుంచి గౌను తెప్పిస్తాడట, డిజైనర్ షోరూములో వేలకు వేలు పలికే మోడల్ లాంటిదే చవగ్గా వస్తుందట. ఆ ఆశలో తప్పేమీ లేదు. నలుగురిలో మంచి బట్టలో కనబడాలని జీతం తక్కువున్న ఇంటి పిల్లకు మాత్రం ఉండదా? నా కోపమంతా ఆ పిల్లకు చుట్టూ ఉన్నవాళ్లు చెప్పే చిట్కాల మీదే.

2020 జూన్‌లో షీన్, క్లబ్ ఫ్యాక్టరీ సహా 59 చైనా యాప్‌లను, నవంబరులో అలీఎక్స్‌ప్రెస్‌ను కేంద్రం నిషేధించింది. నేరుగా కొనే దారులు అలా మూసుకుపోతే ఏజెంటు దారి మిగిలింది. అతను టావ్‌బావ్, 1688 లాంటి చైనా షాపింగ్ సైట్లలో మీ తరఫున కొని, తన గోదాములో దించుకుని, ఫొటోలు పంపిస్తాడు. మీరు సరేనన్నాక తూకం వేసి ఇక్కడికి పంపుతాడు.

అన్నిటికన్నా చెడ్డ సలహా ఇది: "అక్కా, గిఫ్ట్ అని రాయించు, డ్యూటీ పడదు." ఒకప్పుడు 5,000 రూపాయల లోపు కానుకలకు మినహాయింపు ఉండేది. 2019 డిసెంబరులో దాన్ని తీసేశారు. రాఖీకి, ప్రాణాలు నిలిపే మందులకు తప్ప ఇప్పుడు ఆ మాట పనికిరాదు. విలువ తగ్గించి రాయించమనేవాళ్లూ ఉన్నారు. పార్సిల్‌కు కేవైసీ ఇచ్చేది మీరు, ఆధార్ మీది. కస్టమ్స్ వాళ్లు ప్రశ్నిస్తే జవాబు చెప్పుకోవాల్సిందీ మీరే, ఏజెంటు కాదు. పైగా దారిలో సరుకు పోతే పరిహారం సాధారణంగా ఆ రాసిన విలువకు మించి రాదు. అసలు ధర రాయించి, డ్యూటీని మొదటి రోజే లెక్కలో వేసుకోండి. అప్పటికీ చవకే అనిపిస్తేనే కొనండి.

"ఫొటోలు ఏం చూస్తావ్, ఓకే కొట్టెయ్" అనేది ఇంకొకటి. బేరం మొత్తంలో మీ చేతిలో ఉన్న ఒకే ఒక్క ఘడియ అది. చైనాలో ఆన్‌లైన్‌లో కొన్న చాలా వస్తువులను ఏడు రోజుల్లోపు వెనక్కి ఇచ్చే హక్కు చట్టంలోనే ఉంది. గోదాములో ఉన్నంతవరకు అది అక్కరకొస్తుంది, విమానం ఎక్కాక చంద్రపూర్ నుంచి తిప్పి పంపే ఖర్చు గౌను ధరను మించిపోతుంది. కాబట్టి కొంచెం అదనంగా అడిగినా ఇచ్చి, టేపు పరిచి తీసిన ఫొటోలు తెప్పించుకోండి. ఛాతీ, నడుము, పొడవు సెంటీమీటర్లలో కనబడాలి. చంక కింద కుట్టు దగ్గర చమ్కీలు ఊడుతున్నాయా, జిప్పు చివర బట్ట ముడత పడిందా, లోపల లైనింగ్ ఉందా లేదా చూడండి. సైజు విషయంలో "నీకెప్పుడూ ఎల్ కదా" అనే మాట అసలు వినొద్దు. అక్కడి ఎల్ మన ఎల్ కన్నా తరచు చిన్నది. మీకు బాగా నప్పిన కుర్తాను మంచం మీద పరిచి కొలిచి, ఆ అంకెలతో పోల్చండి.

హ్యాండ్‌బ్యాగుకు బాక్సుంటేనే అసలుదిలా కనిపిస్తుందని చెప్తారు. కొరియర్ వాళ్లు పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి తరచు 5,000తో భాగించి, వచ్చిన అంకెను కిలోలుగా లెక్కేస్తారు. 35, 30, 15 సెంటీమీటర్ల పెట్టెకు 3 కిలోలు దాటుతుంది. లోపలి బ్యాగు కిలో కూడా ఉండకపోయినా మీరు కట్టేది ఆ మూడు కిలోల పైచిలుకు లెక్కకే. పెట్టె తీసేయమనండి.

ఇక "లోగో ఉన్నవి నాలుగు తెప్పించు, మూడు ఇన్‌స్టాలో అమ్మెయ్" అనే సలహా ఇల్లు ముంచేది. కట్ నచ్చి అలాంటిది తొడుక్కోవడం వేరు, పరాయి కంపెనీ పేరు తగిలించిన నకిలీ సరుకు అమ్మడం వేరు. 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం ప్రకారం రెండోదానికి ఆర్నెల్ల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల దాకా జరిమానా. కాలేజీ పిల్లలు ఇది తెలియకుండానే పేజీలు తెరుస్తున్నారు. పెద్దవాళ్లు కూర్చోబెట్టి చెప్పాలి.

ఏజెంటు ఇస్తానన్న బోనస్ కోసం అతని వాలెట్‌లో ముందే పెద్ద మొత్తం వేయొద్దు, ఆ ఆర్డరుకు సరిపడా చాలు.

పెళ్లికి నెల లోపే ఉందంటే, "వచ్చేస్తుందిలే" అన్నవాళ్ల మాట నమ్మి గౌను ఆర్డరివ్వకండి. కస్టమ్స్‌లో ఒక్క కాగితం అడిగినా ముహూర్తం దాటిపోతుంది. ఆ గౌను ఫొటో పట్టుకుని చంద్రపూర్ గోల్ బజారుకు వెళ్లి బట్ట ఎంచుకోండి, మీ టైలరుకు ముందూ వెనకా ఫొటోలు రెండూ చూపించండి. ఏజెంటుకు బెల్టు, స్కార్ఫు, తలకు పెట్టుకునే క్లిప్పుల వంటివి వదిలేయండి. వాటికి సైజు బాధ తక్కువ, బరువూ లేదు, ఆలస్యమైనా పెళ్లి ఆగదు.