దస్తీ పడిన సీటు

సూర్యాపేట బస్టాండులో బస్సు వచ్చి నిలువకమునుపే కిటికీ ఊచల సందునుండి నా మీదికి వచ్చి పడునది మనుష్యుడు కాదు, దస్తీ. దాని యజమాని ఆ సమయమున తలుపు వద్ద తొక్కిసలాటలో ఉండును. మోచేతులతో త్రోవ చేసికొనుచు, చెప్పు ఊడినను లెక్కింపక, దిగువారిని దిగనీయక, ఎట్టకేలకు అతడు లోపలికి వచ్చునంతవరకు ఆ జానెడు గుడ్డయే నన్ను ఏలును. అంతకుముందే ఎక్కి ఎదుట నిలుచున్నవారు దానిని చూచి, ఒక నిట్టూర్పు విడిచి, వెనుక వరుసలకు తరలిపోవుదురు. నా జీవితకాలములో ప్రభుత్వములు మారినవి, రాష్ట్రమే రెండైనది, 2016 విజయదశమినాడు నల్లగొండ నుండి విడివడి సూర్యాపేట తానే ఒక జిల్లాయైనది. దస్తీ శాసనము మాత్రము ఒక్క సవరణయైనను లేక నేటికిని చెల్లుచున్నది. ఆ శాసనమునకు లోబడి, సూర్యాపేటకును పెన్‌పహాడ్ మండలపు పల్లెలకును నడుమ తిరిగి తిరిగి ముదిసిన పల్లెవెలుగు బస్సు సీటును నేను.

మా వంశము చిన్నది కాదు. 1932లో నిజాము రాష్ట్ర రైల్వేకు అనుబంధముగా 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలైన రోడ్డు రవాణా శాఖ మాకు మూలము. 1958 జనవరి 11న అది ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థయైనది. మా బస్సుల నంబరులో కనబడు 'జడ్' అను అక్షరము నిజాము తన తల్లి జహ్రా బేగము పేరు నిలుపుటకై పెట్టించినదని పెద్ద డ్రైవర్లు చెప్పుకొనుచుండగా వింటిని. ఇంతటి వంశములో పుట్టిన నాకు 2009లో హైదరాబాదు మియాపూర్‌లోని బస్సు బాడీల కార్ఖానాలో లభించిన దేహము ఇనుపగొట్టముల చట్రము, ప్లైవుడ్ పలక, పలకపై స్పాంజి, స్పాంజిపై ముదురు నీలపు రెక్సిను. ముగ్గురు కూర్చుండుటకని నన్ను చేసిరి. ఆ ముగ్గురును సర్దుకొన్న తరువాత నాలుగవవాడు వచ్చి "జర జరుగుండ్రి" అనుటయు, సగము దేహము నడిమి దారిలోనికి వ్రేలాడుచుండగా మిగిలిన సగముతో నన్ను అంటిపెట్టుకొని ఊరు చేరుటయు నిత్యకృత్యము. ఆ సగము చోటునకు అతడు నిండు టికెట్టు కొనును. ఈ అన్యాయమును గూర్చి ఎవ్వరును ఎన్నడును ఫిర్యాదు చేయలేదు.

మనుష్యుల స్వభావమును ముఖము చూచి తెలిసికొందురట. నాకు వారి వ్రేళ్లే తెలియును. సూర్యాపేట కళాశాలలకు పోవు విద్యార్థులు కంపాసు మొనతో నా వీపుమీద హృదయమును గీసి, దానిగుండ బాణమును దూర్చి, రెండు అక్షరములు చెక్కిరి. కొంతకాలమునకు అందులో ఒక అక్షరము మారినది, బాణము మారలేదు. వయోధర్మమని క్షమించితిని. క్షమింపరానిది పెద్దల వ్రేలు. రెక్సిను ఒకచోట గోరంత చినిగినదనుకొనుడు. ఆ ప్రక్కన కూర్చున్న గౌరవనీయుని చూపుడువ్రేలు, తన యజమానికి తెలియకయే, ఆ రంధ్రమును వెదకికొని లోపలికి పోయి స్పాంజిని చిటికెడు చిటికెడుగా పీకి కిటికీలోనుండి పారవేయుచుండును. ఒకనాడు తెల్లని ఖద్దరు చొక్కా తొడిగిన పెద్దమనిషి యొకడు "గవర్మెంటు సొమ్మంత మింగవట్టిరి, ఇగ దేశమెట్ల బాగుపడ్తది" అని ప్రక్కవానితో ఆవేదనపడుచు, అనాజిపురము నుండి సూర్యాపేట చేరులోపల నా స్పాంజిలో పిడికెడు గాలికి వదలెను. ఆయన ఆవేదన బూటకము కాదు. కంఠము నిజముగనే వణకుచుండెను. వ్రేలికిని కంఠమునకును పరిచయము లేదు, అంతే.

వ్రాతకు మనవారు లోబడరనుటకు బస్సులోని రేకులే సాక్ష్యము. చేతులు బయట పెట్టరాదు, చిల్లర యిచ్చి సహకరింపుడు, పొగ త్రాగరాదు, ఇట్టివన్నియు చక్కని అక్షరములతో వ్రాయబడియుండును. బహిరంగస్థలములలో ధూమపానమును నిషేధించు నియమములు 2008 అక్టోబరు 2 నుండి దేశమంతట అమలులోనికి వచ్చిన పిమ్మటనే నేను పుట్టితిని; అయినను నా తొలి సంవత్సరములలో బీడీ వాసన లేని ప్రయాణము అరుదు, నా రెక్సినుపై నల్లని చుక్కలు ఆనాటివే. క్రమక్రమముగా బీడీ బస్సు దిగిపోయినది. దానిని దింపినది కండక్టరు కాదు, జరిమానా కాదు. చంటిపిల్లతోనున్న తల్లి కొంగు ముక్కునకు అడ్డము పెట్టుకొని వెనుదిరిగి చూచుటయు, ఆ చూపును నలుగురు సమర్థించుటయు ఆరంభమైన దినమునుండి దానికి లోపల నిలువనీడ లేకపోయినది. ఇట్టి విజయములు మనవారికి లేకపోలేదు. లెక్క వ్రాసికొనరు గనుక మరచిపోవుదురు.

బీడీ ఖాళీచేసిన చోటును సెల్లుఫోను ఆక్రమించినది. పూర్వము నా మీద కూర్చున్న ఇరువురు అపరిచితులు మొదటి మలుపు దాటకమునుపే "ఏ ఊరు మీది?" అని మొదలిడి, ఇంటిపేరు, మేనమామ ఊరు, పిల్లనిచ్చిన ఊరు వరుసగా తడవి, దిగువేళకు బావమరదులై తేలుచుండిరి. ఆ కాలముపై నాకు మితిమీరిన మమకారము లేదు. ఆ ప్రశ్నలలో సగము కులము తెలిసికొనుటకే పుట్టినవనియు, సమాధానము విన్న తరువాత కొందరు కొంచెము ఎడముగా జరిగి కూర్చుండిరనియు ఎరుగుదును. నేటివాడు ప్రక్కవానిని ఏమియు అడుగడు. తన ఫోనులోని రీలు చప్పుడును మాత్రము బస్సంతటికిని పంచిపెట్టును. ఒకని పాట, ఒకని హాస్యము, కూతురితో వీడియో కాల్‌లో ఒకతె చెప్పు పచ్చిపులుసు పాళ్లు, అన్నియు కలిసి ఒకే చెవిలో పడును. చెవులమీద దస్తీ వేసి కాపాడుకొను పద్ధతి ఇంకను రాలేదు.

దస్తీ ధర్మశాస్త్రమును కొంత వివరింపవలయును. దీనిని ఏ న్యాయకళాశాలలోను చెప్పరు. కిటికీనుండి వేసిన దస్తీకిని, లోపలికి ఎక్కి వేసిన దస్తీకిని తగవు వచ్చినచో మొదట పడినదే గెలుచును. దస్తీకంటె సంచి బలవత్తరము. వార్తాపత్రిక దుర్బలము, ఎవడైనను చదువు నెపమున తీసికొని కూర్చుండవచ్చును. నీళ్ల సీసా సందిగ్ధము. ఎవరో మరచిపోయినదేమో అను వాదమునకు తావు కలదు. అన్నింటిని మించిన ప్రమాణము డ్రైవరు తలుపునుండి ఎక్కించిన పసిపిల్లవాడు. వాడు ఏడ్చుట మొదలిడినచో ఎదుటి పక్షము వ్యాజ్యమును విరమించుకొనును. దస్తీ చెల్లుబాటు బస్సు కదులువరకే యని కొందరు, మొదటి స్టేజీ వరకని కొందరు వాదింతురు. తీర్పుకొరకు కండక్టరు వద్దకు పోయినచో ఆయన "మీరు మీరు చూస్కోండ్రి" అని టికెట్ల మిషనులోనికి తల దించును. అంతకంటె వివేకవంతమైన తీర్పును నేనెరుగను.

ఈ ఆచారమును పల్లెటూరి అత్యాశయని కొట్టివేయువారు కలరు. నాకట్లు తోచదు. జేబులు కోయువారు నా మీద కూర్చుండిరి, టికెట్టు ఎగవేయువారు కూర్చుండిరి. పరాయి దస్తీని తీసి బయట పారవేసినవానిని మాత్రము నేను చూడలేదు. పోలీసు లేక, రసీదు లేక, మనుష్యుడు లేనిచోట మనుష్యుని హక్కును ఒక గుడ్డముక్కకు అప్పగించి గౌరవించు జనమును అనాగరికులనుట ఎట్లు? చిక్కల్లా ఆ గౌరవము గుడ్డ వద్దనే ఆగిపోవుట. కిటికీపైన 'స్త్రీలు' అని వ్రాసినదియు ఒక దస్తీయే, చట్టము వేసినది. దానిక్రింద కాలుమీద కాలు వేసికొని కూర్చున్న మగవాడు, ఎదుట కమ్మీ పట్టుకొని ఊగుచున్న ముసలమ్మను చూచి, కన్నులు మూసి నిద్ర నటించును. నిజముగ నిద్రపోవువాని తల ఒరుగును. నటించువాని మెడ నిటారుగా నుండును.

ఈ శాసనము బస్సులోపలికే పరిమితము కాదు. వానాకాలపు పంటయు, యాసంగి పంటయు చేతికి వచ్చు దినములలో మా దారిలో సగము కల్లముగా మారును. నాగార్జునసాగరు ఎడమ కాలువ క్రిందను, మూసీ క్రిందను పండిన వడ్లను తారురోడ్డుపై పరచి, అంచు వెంబడి రాళ్లు పేర్తురు. ఆ రాళ్లు రైతు వేసిన దస్తీలు. డ్రైవరు మిగిలిన సగములో ఎదుటి ట్రాక్టరును తప్పించుకొనుచు, పండ్లు కొరుకుచు పోవును. చీకటిలో ఆ రాళ్లకు తగిలి పడిన మోటారుసైకిళ్లును కలవు. తిట్టుట సులభము. తేమ 17 శాతము మించినచో వడ్లు కొనరు. ఆరబెట్టుటకు సిమెంటు కల్లము లేనివాడు, ఆకాశమున మబ్బు పట్టినప్పుడు, ఎక్కడికి పోవలయును? 2025 వానాకాలములో యూరియా కొరత వచ్చినప్పుడు తెలంగాణములో పెక్కుచోట్ల ఎరువుల దుకాణముల ముందు తెల్లవారకమునుపే చెప్పులు వరుసగా బారులు తీరెను. హవాయి చెప్పులు, తోలు చెప్పులు, ఒంటి చెప్పులు, పట్టాదారు పాసుపుస్తకముపై పెట్టిన రాయి. వాటి యజమానులు చెట్టునీడను చతికిలబడియుండిరి. బస్సులో సుఖముకొరకు వేయు దస్తీ అక్కడ పైరుకొరకు వేసిన చెప్పైనది. నేను నవ్వలేకపోతిని.

రెండేండ్లకొకసారి దురాజ్‌పల్లి పెద్దగట్టుమీద లింగమంతులస్వామి జాతర జరుగునప్పుడు మాత్రము ఈ శాసనమునకు సెలవు. డప్పుల మ్రోతలో, "ఓ లింగా" అను కేకలలో ఎవరి ఒడిలో ఎవరు కూర్చుండిరో ఎవరికిని పట్టదు. గట్టు ఎక్కి దిగువరకే ఆ సెలవు.

2019 అక్టోబరు 5న మొదలైన ఆర్టీసీ కార్మికుల సమ్మెలోను, మరుసటి వేసవి కరోనా లాక్‌డౌనులోను డిపోలో దుమ్ముపట్టి నిలిచితిని, చెప్పదగినదేమియు లేదు. చెప్పదగినది 2023 డిసెంబరు 9న జరిగినది. మహాలక్ష్మి అను పేర, ఆనాటినుండి తెలంగాణములో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో బాలికలకు, స్త్రీలకు, ట్రాన్స్‌జెండర్లకు టికెట్టు ధర లేదు. గుర్తింపు కార్డు చూపినచో కండక్టరు సున్నా రూపాయల టికెట్టు కొట్టి యిచ్చును. మొదటి దినములలోనే ఒక అవ్వ నా మీద కూర్చుండి, నడుమున దోపిన సంచిని విప్పి, అందులోనుండి పాలిథీను కవరును, కవరులోనుండి ఆధార్ కార్డును బయటికి తీసి చూపెను. సున్నా టికెట్టు చేతిలో పడగానే దానిని రెండు మడతలు పెట్టి, నోట్లుంచిన అరలోనే భద్రముగా దాచుకొనెను. డబ్బు పెట్టి కొన్న టికెట్టును అంత గౌరవముగా దాచుకొన్నవారిని నేను చూచియుండలేదు.

"ఊకె తిరుగుతున్నరు" అను మాట ఆ వారములోనే పుట్టినది. ఎక్కడికి తిరుగుచున్నారో నా మీద కూర్చున్నవారి చేతులు చెప్పును. ఆస్పత్రి కాగితముల కవర్లు, కళాశాల సంచులు, కూలికి పోవు సద్దిగిన్నెలు, కాన్పైన బిడ్డకు కట్టించిన కారప్పొడి. కొందరు ఏ పనియు లేక చెల్లెలిని చూచుటకు పోయిరి, నిజమే. మగవారు ఏ పనియు లేక సూర్యాపేట పోయి టీ త్రాగి వచ్చుటను మాత్రము అన్నేండ్లుగా ఎవరును తిరుగుట యనలేదు. "పైసలు పెట్టి మేం నిలవడాల్నా?" అను పురుషుల ప్రశ్నలో న్యాయము కొంత లేకపోలేదు, జనము పెరిగినంతగా బస్సులు పెరుగలేదు, ఆ లోటును ఎవరైనను పూడ్చవలసినదే. కాని పైసలు పెట్టి నిలబడుట ఈ దారిలో క్రొత్త కాదు. అది నిన్నటివరకు ఎవరి వంతో వారు మరచిరి.

సీటుకొరకు స్త్రీలు కొట్లాడుకొన్న దృశ్యములు ఫోనులనుండి ఫోనులకు ప్రాకి లోకమంతయు నవ్వెను. నా కొరకు పురుషులు కాలర్లు పట్టుకొన్న సందర్భములకు లెక్కలేదు. ఒక్కదానినైనను చిత్రింపవలెనని ఎవరికిని తోచలేదు. ఒకనాడు ఇరువురు స్త్రీలు నా అంచును చెరియొకవైపు పట్టుకొని వాదులాడుచుండగా చుట్టును ఫోనులు లేచినవి. లేచినవి ఫోనులే, వాటిని పట్టుకొన్నవారు కూర్చుండియే యుండిరి.

పదునైదేండ్లు దాటిన ప్రభుత్వ వాహనముల రిజిస్ట్రేషను 2023 ఏప్రిల్ 1 నుండి చెల్లదని కేంద్రము నిబంధన చేసినందున 2024లో మా బస్సు తుక్కునకు పోయెను. ఇంజను ఎటు పోయినదో తెలియదు. నేను చేతులు మారి పెన్‌పహాడ్‌లో ఒక టీ హోటలు ముందు, వేపచెట్టు క్రింద పడితిని. నన్ను ఆక్రమించుటకు ఇక్కడ ఎవరును దస్తీ వేయరు. దుమ్ము దులుపుటకు దానితో రెండు దెబ్బలు కొట్టి కూర్చుందురు. ప్రొద్దున కూర్చున్నవారు మధ్యాహ్నము వరకు ఉచిత బస్సును తిట్టుచుందురు. ఆ తిట్టువారిలో ఒకనికి బీపీ గోళీలు తెచ్చుటకు ఆయన భార్య ఆ బస్సులోనే సూర్యాపేట పోయియుండును.

టీ త్రాగుడు, రాజకీయములు మాటలాడుడు, ఎవరినైనను తిట్టుడు. నాకు అభ్యంతరము లేదు. కుడివైపు అంచున రెక్సిను చినిగినచోట వ్రేలు మాత్రము పెట్టవలదు. లోపల ఇక మిగిలినది పలక ఒక్కటే.