గుంతకో కొలత!

అమెరికాలో 2006 తర్వాత పుష్కరానికి పైగా, కొత్తగా తెరిచిన గోల్ఫ్ కోర్సుల కన్నా మూతపడ్డవే ఎక్కువ. శివార్లలో వాటి మీద ఇళ్లు లేచాయి. మన హైదరాబాద్ శివారు బౌరంపేట్ వైపు అంత తతంగం ఎందుకు? గడ్డి పెంచి, నష్టపోయి, గేటుకు తాళమేసి, ఆనక ప్లాట్లు కొట్టేంత ఓపిక ఎవరికుంది? నేరుగా ప్లాట్లే!

గోల్ఫ్ సరదా మాత్రం మణికొండ తీర్చుకుంది. అక్కడి 535 ఎకరాల టౌన్‌షిప్ ప్రాజెక్టులో 235 ఎకరాలు గోల్ఫ్‌కే. 2011లో సీబీఐ కూడా దిగింది. బంతుల కోసం కాదు, ఆ భూముల ఫైళ్ల కోసం. (1457లోనే స్కాట్లాండ్ రాజు రెండో జేమ్స్ ఈ ఆటను నిషేధించాడు. ముందుచూపున్న మనిషి!)

గోల్ఫ్ గుంత వెడల్పు నాలుగుంపావు అంగుళాలే ఉండాలని 1891లో రూలు పెట్టారు. మన శివారు రోడ్ల గుంతలకు ఏ రూలూ లేదు. వానాకాలంలో ఒక్కోదాంట్లో స్కూటర్ ముందు చక్రం మొత్తం దిగుతుంది. టికెట్టు లేదు, సభ్యత్వ రుసుమూ లేదు. ఆస్తి పన్ను కడితే చాలు, రోజూ ఆటే.

మరో రూలుంది. బంతి నీళ్లలో పడితే ఆటగాడికి ఒక స్ట్రోకు జరిమానా. బౌరంపేట్ పక్కనే మల్లంపేటలో కత్వ చెరువు నీళ్లలోకి ఏకంగా విల్లాలే వెళ్లి కూర్చున్నాయి. 2024 సెప్టెంబరులో, చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా బుల్డోజర్లొచ్చి కూల్చాయి. కొన్నవాడికి పడ్డ స్ట్రోకు సరే, అవి గోడ మీద గోడ లేస్తుంటే కళ్లు మూసుకున్న అంపైర్లకు ఎన్నో?