అడగందే

2024 మార్చి 1, శుక్రవారం. మస్కట్‌లో సెలవు శుక్ర, శనివారాలు. పిల్లల్ని తీసుకుని దార్సైత్ కృష్ణుడి గుడికి వెళ్దామని తలంటుకుంటున్నాను. సబ్బు నురగ మీద జారుతున్న వేలు ఒకచోట ఆగింది. కుడి రొమ్ములో, చంకకు దగ్గరగా, నానబెట్టిన శనగగింజంత. నొప్పి లేదు. నొప్పి లేదు కాబట్టి ఏమీ కాదని ధైర్యం చెప్పుకున్నాను. అది ఎంత తప్పుడు ధైర్యమో తర్వాత తెలిసింది. క్యాన్సర్ గడ్డలు చాలామటుకు మొదట్లో నొప్పి పెట్టవు.

నాకప్పుడు 38. మావారు ఘలాలో ఒక కంపెనీలో ఇంజనీరు. వాదీ కబీర్‌లో అద్దె ఇల్లు, ఇద్దరు పిల్లలు, మాతోనే ఉండి ఇంటిపని చూసుకునే రాజోలక్క. ఆవిడది రాజోలు దగ్గర పల్లె. 46 ఏళ్లు. నాకంటే పెద్దది కాబట్టి నేను అక్కా అంటాను. ఆవిడ మాత్రం నన్ను అమ్మగారండీ అంటుంది, ఎన్నిసార్లు వద్దన్నా మానదు. మా వీసా మీదే వచ్చింది. ఏజెంటుకు కట్టడానికి చేసిన అప్పు తీర్చింది, ఆ తర్వాత కూతురి పెళ్లికి పంపడం మొదలుపెట్టింది. మాట తక్కువ మనిషి. ముందటి దసరాల నుంచి పై అరలో డబ్బా అందుకోవాలంటే స్టూలు తెచ్చుకుంటోంది. ఏమయిందంటే ఎడమ భుజం పట్టేసిందండి అంది. అమృతాంజనం సీసా ఇచ్చాను.

గడ్డ తగిలిన మర్నాటి రాత్రి, పిల్లలు పడుకున్నాక, రాజోలక్క నా గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. జీతం అడ్వాన్సు కావాలేమో అనుకున్నాను. ఆవిడ నోరు తెరిచేలోపే నా గొడవంతా చెప్పేశాను. చెబుతుంటే ఏడుపొచ్చేసింది. అంతా విని, వెళ్లి చేతులు కడుక్కుని, అరచేతులు రుద్దుకుని వెచ్చబరచుకుని వచ్చింది. మూడు వేళ్లు బల్లపరుపుగా ఆనించి మెల్లగా చూసింది.

"కదుల్తందండి. ఏలి కింద జారిపోతంది. ఇలాంటిది మంచిదేనండి."

"నీకెలా తెలుసక్కా?"

"తెలుసండి" అని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఊళ్లో ఎవరికో ఉండుంటుంది, చేసి ఉంటుంది అనుకున్నాను.

ఆదివారం మా ఇంటి దగ్గరి పాలిక్లినిక్‌కు వెళ్లాను. డాక్టరమ్మ చేత్తో తాకి చూడకుండానే, "హార్మోన్లు. పీరియడ్స్ అయ్యాక రండి" అంది. ఈ వయసులో నెల తిరిగితే తగ్గిపోయే గడ్డలు ఉంటాయి, నిజమే. కానీ తాకి చూడటానికి ఒక్క నిమిషం పట్టదు కదా. బిల్లు కట్టి బయటికొచ్చాను. రాజోలక్క బయట బల్ల మీద కూర్చుని ఉంది. ఆసుపత్రికి ఒక్కదాన్నీ వెళ్లొద్దని తనే తోడొచ్చింది. అప్పటి నుంచి ప్రతిసారీ వచ్చింది.

ఆ సాయంత్రం తెనాలి నుంచి అమ్మ ఫోను. విషయం విని ఒక్కటే మాట అంది. "అడగందే అమ్మైనా పెట్టదే. అడుగు. మొహమాటపడ్డావంటే నేను విమానమెక్కి వచ్చేస్తా." పక్క గదిలో పిల్లల బట్టలు మడతపెడుతున్న రాజోలక్కకు కూడా వినిపించేంత గట్టిగా అంది.

పెద్దదాని పాత రెండు గీతల పుస్తకంలో వెనక పేజీల్లో తేదీలు రాయడం మొదలుపెట్టాను. ఏ రోజు ఎవర్ని కలిశాను, ఏమన్నారు, మళ్లీ ఎప్పుడు రమ్మన్నారు. ఈ పుస్తకమే లేకపోతే నాకు దారి దొరికేది కాదు. కౌంటరు దగ్గర గొంతు పెంచితే పట్టించుకోని వాళ్లు, తేదీ చెబితే తలెత్తి చూస్తారు.

మార్చి 18న మళ్లీ వెళ్లాను. అప్పటికి రంజాన్ నెల మొదలై వారం. పనివేళలు తగ్గాయి. స్కానింగ్‌కు చీటీ రాశారు గానీ ఖాళీ దొరికింది 27న. అల్ట్రాసౌండే ముందు చేశారు. 40 లోపు వాళ్లకు రొమ్ము కణజాలం దట్టంగా ఉంటుంది, మామోగ్రామ్‌లో గడ్డ దాని మాటున దాక్కోవచ్చు. చేసిన అమ్మాయి గడ్డ దగ్గర చాలాసేపు ఆగింది. ఏమీ చెప్పలేదు. "ఏదైనా ఉంటే ఫోన్ చేస్తారు" అంది.

ఫోను రాలేదు. ఏప్రిల్ 4న నేనే చేశాను. "మేం చేయలేదంటే బాగున్నట్టే మేడం."

బాగున్నట్టే అన్న మాట విని నిద్రపోదామని నేనూ చూశాను. అమ్మ మాట పడనివ్వలేదు. ఏప్రిల్ 8న, ఈద్ సెలవులకు ముందు రోజు, నేరుగా వెళ్లి నా రిపోర్టు కాపీ అడిగాను. డాక్టరుకు పంపుతాం, మీకెందుకన్నారు. నా ఒంటి గురించి రాసిన కాగితం నాకు కావాలన్నాను. ఇరవై నిమిషాలు నిలబెట్టి ఇచ్చారు. అరపేజీ. అంతా కొలతలు. చివరి పంక్తిలో, బైరాడ్స్ 4ఏ.

రొమ్ము స్కానింగులకు అమెరికన్ రేడియాలజీ కాలేజీ వాళ్లు పెట్టిన కొలబద్ద అది. చదువు రాకపోయినా గుర్తుపెట్టుకోదగ్గ లెక్క. 1 అంటే ఏమీ లేదు. 2 అంటే ఉంది గానీ ప్రమాదం లేదు. 3 అంటే బహుశా ప్రమాదం లేదు, ఆరు నెలలకు మళ్లీ చూడాలి. 4 అంటే అనుమానం ఉంది, ముక్క తీసి పరీక్షించాలి. 5 అంటే దాదాపు క్యాన్సరే. 4లో ఏ అంటే అనుమానం తక్కువ, నూటికి రెండు నుంచి పది. తక్కువే అయినా పరీక్ష మాత్రం చేయాల్సిందే. పన్నెండు రోజులుగా ఆ అంకె ఎవరి బల్ల మీదో పడి ఉంది. ఎవరూ చూడలేదో, చూసి చెప్పలేదో.

ఒమాన్ క్యాన్సర్ అసోసియేషన్‌కు ఫోన్ చేశాను. తను క్యాన్సర్‌ను దాటి వచ్చిన యూథార్ అల్ రవాహీ అనే ఒమానీ మహిళ పట్టుబట్టి నిలబెట్టిన సంస్థ అది. ఊరూరా తిరిగే మామోగ్రఫీ బండి ఉంది వాళ్లకు. ఆ బండి ఏ లక్షణమూ లేని 40 దాటిన వాళ్ల కోసమనీ, గడ్డ చేతికి తగిలిన మనిషి నేరుగా ఆసుపత్రికే వెళ్లాలనీ తెలుసుకున్నాను. ఫోను పెట్టేశాక రాజోలక్క, "నలభై దాటినోళ్లకా అండి?" అని అడిగింది. అవునన్నాను. నాకింకా రెండేళ్లుంది, అందుకే కుదరదని కూడా వివరంగా చెప్పాను.

పెద్దాసుపత్రిలో నీడిల్ పరీక్షకు ఏప్రిల్ 15 ఇచ్చారు. 14న ఆకాశం విరిగిపడింది. ఒమాన్‌లో ఉన్నవాళ్లెవరూ ఆ రోజు మర్చిపోరు. షర్కియాలో వాదీ పొంగి బడిపిల్లలు కొట్టుకుపోయారు. మా వీధిలో కార్లు తేలాయి. ఆ పసివాళ్ల తల్లుల ముందు నాదేం కష్టం అనిపించి, అపాయింట్‌మెంట్ రద్దయినా నోరెత్తలేదు. 17న ఫోన్ చేస్తే, మళ్లీ ఖాళీ మే నెల మధ్యలో అన్నారు. పైగా ఇన్సూరెన్స్ అప్రూవల్ కూడా రాలేదట. "4ఏ కదా మేడం, కంగారేం లేదు."

ఆ మధ్యాహ్నం అద్దం ముందు నిలబడి ఒక వాక్యం ఇంగ్లీషులో పదిసార్లు చెప్పుకున్నాను. ఆలస్యమైనా పర్వాలేదని మీరనుకుంటే ఆ మాటే కాగితం మీద రాసి, సంతకం పెట్టి, తేదీ వేసి ఇవ్వండి. చీపురు పట్టుకుని నిలబడ్డ రాజోలక్క, "దానర్థం ఏంటండి?" అంది. చెప్పాను. "రాసిచ్చేత్తారా అండి మరి?" అంది. "ఇవ్వరక్కా. అందుకే పని చేస్తారు."

అలాగే జరిగింది. వెళ్లాను, పుస్తకం తెరిచాను, తేదీలు చదివాను, వాక్యం చెప్పాను. కౌంటరులో మనిషి లోపలికి వెళ్లి వచ్చాడు. ఏప్రిల్ 21, ఆదివారం, పొద్దున తొమ్మిది గంటలకు. అప్రూవల్ కూడా ఆ సాయంత్రమే వచ్చింది. చెయ్యగలిగిన పనే. అడిగిందాకా చెయ్యలేదు, అంతే.

నీడిల్ పరీక్ష గురించి భయపడి వెనక్కి తగ్గే ఆడవాళ్లకు ఒక మాట. మత్తు సూది ఇస్తారు. స్టేప్లర్ కొట్టినట్టు టక్ మని చప్పుడవుతుంది, అదే ఉలిక్కిపడేలా చేస్తుంది గానీ నొప్పి అంత ఉండదు. సన్నని దారప్పోగుల్లాంటి తెల్లటి ముక్కలు నాలుగు తీసి సీసాలో వేశారు. సూది గుచ్చితే జబ్బు పాకుతుందని మన ఊళ్లలో అంటారు. అది నిజం కాదు. ఇంటికొచ్చాక రాజోలక్క ఐసుముక్కలు తువ్వాలులో చుట్టి గంటకోసారి పెట్టింది.

ఏప్రిల్ 28న ఫలితం. ఫైబ్రోఎడినోమా. క్యాన్సర్ కాదు. చేతికి తగిలే గడ్డల్లో ఎక్కువ భాగం ఇలాంటివేనట. ఆ సర్జన్ ఓపికగా మాట్లాడాడు. మా ఇంట్లో అక్క కదులుతోంది కాబట్టి మంచిదే అని ముందే చెప్పిందంటే నవ్వాడు. "కదలడం మంచి లక్షణమే. కానీ దాన్ని నమ్ముకుని ఎవర్నీ ఇంటికి పంపకూడదు. చేత్తో చూడాలి, స్కాన్ చేయాలి, ముక్క తీయాలి. మూడూ కలిస్తేనే జవాబు." వెళ్లబోతుంటే ఇంకో సంగతి చెప్పాడు. రొమ్ములో గడ్డతో మనిషి డాక్టరు గడప తొక్కిన రోజు నుంచి 60 రోజుల్లోగా అదేమిటో తేల్చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లక్ష్యం పెట్టింది. పుస్తకంలో లెక్కపెట్టాను. నావి 56. నేనింత పోరాడి, ఇన్ని రాత్రులు నిద్రమానుకుని, గీతకు నాలుగు రోజులు ఇవతల పడ్డాను.

ఆ రాత్రి చక్కెర పొంగలి వండుకున్నాం. అమ్మ ఫోనులో ఏడ్చింది. పిల్లలు పడుకున్నారు. రాజోలక్క సింకు దగ్గర గిన్నెలు కడుగుతోంది. వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"అమ్మగారండీ, ఆ రాయించుకునే మాట నాక్కూడా నేర్పుతారా అండి?"

"నీకెందుకక్కా?"

కొళాయి కట్టేసింది. చేతులు తుడుచుకుంది. నా చెయ్యి పట్టుకుని జాకెట్టు మీద నుంచే ఎడమ రొమ్ము మీద పెట్టుకుంది. నిమ్మకాయంత ఉంది. రాయిలా ఉంది. వేళ్లతో అటూ ఇటూ నెట్టి చూశాను.

"నాది కదల్దండి" అంది.

ఎన్నాళ్లయిందని అడగడానికి నాకు గొంతు పెగల్లేదు. తనే చెప్పింది. ముందటేడు సంక్రాంతికి, కూతురికి సంబంధం కుదిరిన వారం. 2023 జనవరి. "చెబితే పంపించేత్తారేమోనని ఊరుకున్నానండి. వీసా మెడికల్లో గుండెకాయ మీద ఎక్స్‌రే తీశారు కదండి, అందులో ఏం లేదన్నారు. అందుకని కొన్నాళ్లు ధైర్యంగానే ఉన్నాను." ఆ ఎక్స్‌రే ఊపిరితిత్తుల్లో టీబీ ఉందేమోనని తీసేది. రొమ్ములో గడ్డను వెతకడానికి కాదు. ఈ సంగతి ఆవిడకు చెప్పేవాళ్లు ఎవరు?

"ఆ రేత్రి చెప్పేద్దామనే వచ్చానండి, మీ గది కాడికి. మీరే ముందు చెప్పారు."

మా ఇన్సూరెన్స్ కార్డులో నలుగురి పేర్లున్నాయి. రాజోలక్క పేరు లేదు. మేం చేర్చలేదు. సర్జన్ చెప్పిన 60 రోజుల లెక్క డాక్టరు గడప తొక్కిన రోజు నుంచి మొదలవుతుంది. నాతోపాటు ఇన్నిసార్లు ఆసుపత్రి దాకా వచ్చి, బయట బల్ల మీదే కూర్చున్న మనిషికి ఆ లెక్క ఇంకా మొదలే కాలేదు.

మర్నాడు తెల్లారగానే బయల్దేరాం. పుస్తకం తీసుకెళ్లాను గానీ తెరవాల్సిన అవసరం రాలేదు. చెయ్యి పెట్టి చూసిన నిమిషంలోనే డాక్టరు స్కానింగ్‌కు తనే వెంటబెట్టుకుని వెళ్లింది. కాగితం ఆ మధ్యాహ్నమే చేతికొచ్చింది. చివరి పంక్తిలో 5.

నీడిల్ పరీక్షకు ముందు ఒక ఫారం ఇచ్చారు. ఆవిడకు ఇంగ్లీషు రాదు కాబట్టి నేనే నింపుతున్నాను. పేరు, వయసు, గడ్డ మొదట ఎప్పుడు తెలిసింది, చెయ్యి ఎప్పటి నుంచి నొప్పి. ఒక్కొక్కటీ తెలుగులో చదివి అడుగుతున్నాను. ఇంతకుముందు ఎవరైనా చూశారా, ఏదైనా మందు ఇచ్చారా అన్న గడి దగ్గర నా పెన్ను ఆగింది.

"ఆయ్, మీరిచ్చారు కదండి" అంది రాజోలక్క. "అమృతాంజనం అని రాయండి."

రాశాను.